పరగడుపు నెత్తురు

నాలుక అంగిటికి అతుక్కుపోతూ ఉంటే, మూలనున్న నీళ్ల క్యాను వైపు చూడకూడదని నాగుల్ మీరా గోడమీది గుండెకాయ బొమ్మను చూశాడు. దాని పక్కనే చిక్కుడు గింజల్లాగా రెండు మూత్రపిండాల బొమ్మ కూడా ఉండేసరికి అక్కడి నుంచీ కళ్లు తిప్పుకుని తన చేతులే చూసుకున్నాడు. పరుపులు కుట్టేవాడి గోళ్ల సందుల్లో దూది పోగులు ఎప్పుడూ ఉంటాయి, ఎంత కడిగినా పోవు. మైపాడులో మొదటి బస్సెక్కి, నోట్లో ఊరిన ఉమ్మిని కిటికీలోంచి బయటికే ఊస్తూ వచ్చాడు. మింగినా రోజా చెడదని పెద్దలు చెబుతారు గాని చిన్నప్పటి భయం పోలేదు. పొగతోట సందులో ఈ ల్యాబు మెట్లు ఎక్కేసరికి ఊయడానికి ఉమ్మి కూడా లేకుండా పోయింది. వచ్చిన వాళ్లంతా క్యాను దగ్గరికి పోయి గ్లాసులు గ్లాసులు తాగుతున్నారు. ఫాస్టింగ్‌తో రమ్మని డాక్టరు దగ్గరుండే మనిషి తనకు అన్నిసార్లు చెప్పాడే, వీళ్లకెవరూ చెప్పలేదా, చెప్పినా వినలేదా అనుకున్నాడు. ఫాస్టింగ్ అంటే తెలియకపోవడానికి తనేమన్నా చిన్నపిల్లవాడా, ఊహ తెలిసినప్పటి నుంచి ఒక్క రంజాను తప్పలేదు. అందుకే తెల్లవారుజామున భార్య నజ్మా తట్టి లేపితే లేచి, రాత్రి మిగిలిన చేపల పులుసుతో సహరీ అన్నం తిన్నాడు, రెండు గ్లాసుల టీ తాగాడు, పొద్దుటి నమాజుకు ఫజర్ అజా వినపడకముందే నోరు కడుక్కున్నాడు. అప్పటి నుంచి చుక్క నీరు ముట్టలేదు. అక్క కోసం కడుపు మాడ్చుకోవడం కూడా ఒక రకం ఇబాదతే, దేవుడి సేవే గదా అని, రోజా ఉంటానని నీయత్ కూడా చెప్పుకున్నాడు మనసులో. కౌంటరు దగ్గర రెజీనా అనే పిల్ల "ఫాస్టింగేనా అన్నా?" అని అడిగితే, నోరు విప్పడం ఇష్టంలేక తల ఆడించాడు. అది అబద్ధం కాదు. ఇప్పటికి కాదు.

నూర్జాన్ అక్క మూత్రపిండాలు రెండూ ఎండిపోయి రెండో ఏడు. వారానికి మూడుసార్లు యంత్రానికి ఆమె నెత్తురంతా ఇచ్చి మళ్లీ తెచ్చుకుంటుంది. ఎవరన్నా ఒకటి ఇస్తే బతుకుతుంది, ఇయ్యకపోతే ఎంతకాలమో ఎవరూ చెప్పరు. చెప్పకుండా కాగితాలు సర్దుకుంటారు. కూతురు షాహిస్తాకు చంకలో పసిబిడ్డ, దాన్ని అడిగితే నా మీద ఒట్టేనని అక్క ముందే నోళ్లు మూయించింది. మిగిలింది తమ్ముళ్లిద్దరు. చిన్నవాడు మునీర్ పోయిన నెల వచ్చి చెయ్యి చాపాడు, షుగర్ ఉందని తేలింది. షుగర్ ఉన్నవాళ్లు ఇయ్యకూడదంట. ఇక మిగిలింది తను. ఈ పొద్దు తీసే నెత్తురు బాగుంటే తర్వాతి పరీక్షలు, అవి కూడా బాగుంటే చెన్నై. బాగాలేకపోతే ఇక్కడే, ఈ ప్లాస్టిక్ కుర్చీ దగ్గరే ఆగిపోతుంది.

పక్క కుర్చీలో వెంకటాచలం నుంచి వచ్చిన రైతు ఒకాయన, చెంగయ్య, భుజం మీది తువ్వాలుతో మోకాళ్లు చరుచుకుంటూ మాటలకు ఎవరు దొరుకుతారా అని చూస్తూ ఉన్నాడు.

"ఏం భాయ్, మొహం అట్టా పీక్కపోయిందే? నువ్వూ రాత్రి నుంచి పస్తేనా?"

నాగుల్ మీరా ఊ అన్నాడు. ఆ మాటలో ఏదో సరిగ్గా లేదనిపించింది గాని ఏదో తెలియలేదు.

"మా కోడలు ఉండాదే, పొద్దుగూకంగానే ఇంత పెట్టి గిన్నెలు బోర్లించేసింది. రాత్రంతా కడుపులో కప్పలు అరిచినాయి. పోయినసారి నేను చేసిన ఘనకార్యానికి ఇంట్లో నన్నెవురూ నమ్మరులే."

"ఏం చేసినావన్నా?"

"ఏం చేసేది! ఫాస్టింగ్ అంటే శనివారం ఒక్కపొద్దు మాదిరేమో అనుకున్నా. ఒక్కపొద్దంటే అన్నం ముట్టం గాని టిఫిను తింటాం గదా. ఇడ్లీలు మెక్కేసి దర్జాగా వచ్చి చెయ్యి చాపినా. షుగరు చెట్టెక్కి కూర్చుంది. డాక్టరు మాత్రలు రాసినాడు, మా ఆడది ఏడ్చి ఇల్లు పీకి పందిరేసింది. మళ్లా సరిగ్గా తీపిస్తే ఏమీ లే. ఆ ఇడ్లీలే భాయ్ నెత్తుర్లో తేలింది!"

"అంటే... తెల్లారుజామున తిన్నా తప్పేనా?"

"ఎప్పుడు తిన్నా తప్పే. రాత్రి తిన్నాక ఇంక అంతే, పొద్దున నెత్తురు తీసేదాకా. నీళ్లు మాత్రం బాగా తాగొచ్చు, తాగమనే చెప్తారు. నీళ్లు కూడా తాగకుండా ఉండేదానికి ఇదేమన్నా రోజానా!" అని తన మాటకు తనే నవ్వుకుని, ఎదుటివాడు సాయిబని గుర్తొచ్చి, "తప్పుగా అనుకోమాక భాయ్" అన్నాడు. లోపలి నుంచి పిలుపు రాగానే లేచి పోయాడు.

తప్పుగా ఏమీ అనుకోలేదు నాగుల్ మీరా. ఫ్యాను తిరుగుతూ ఉంది. ఎవరో తల్లి ఏడ్చే బిడ్డను ఊరుకోబెడుతూ ఉంది. పులుసులో ఇంకో ముక్క వేసుకో అన్న నజ్మా గొంతు వినపడింది, గ్లాసులో టీ రంగు కనపడింది, ఆ టీ తియ్యగా, మరీ తియ్యగా ఉంది గదా, ఏందే ఇంత చక్కెర పోసినావు అన్నాడు గదా, తాగు, పొద్దంతా ఉండాల గదా అంది గదా. ఆ చక్కెర అంతా ఇప్పుడు తన నెత్తురులో ఉంది. తిరుగుతూ ఉంది. కాసేపట్లో ఈ పిల్ల సూది గుచ్చి దాన్ని గొట్టంలోకి లాగుతుంది, యంత్రం దాన్ని లెక్కపెడుతుంది, సాయంత్రానికి కాగితం మీద షుగర్ అని వస్తుంది. అప్పుడు డాక్టరు మునీర్‌తో చెప్పినట్టే కళ్లద్దాలు తీసి, సారీ అండీ, అంటాడు. మళ్లీ తీయించుకో అంటాడేమో. అంటే అప్పుడు చూడొచ్చు. అనకపోవచ్చు. మునీర్‌తో అనలేదు. మునీర్ ఆ పొద్దు ఇంటికొచ్చి పీట మీద కూలబడి, నా అదృష్టం ఇట్టా కాలింది అని ఏడిస్తే అందరూ వాడినే ఓదార్చారు, అక్క కూడా వాడి తల నిమిరింది. ఆ సాయంత్రం మునీర్ బిర్యానీ తిన్న తీరు ఎవరూ చూడలేదు, తను చూశాడు. ఎన్నాళ్ల ఆకలో తీరినట్టు తిన్నాడు. అప్పుడు వాడి మీద అసహ్యం వేసింది. ఇప్పుడు, ఈ కుర్చీలో, ఆ బిర్యానీ వాసన తగిలింది ముక్కుకు.

షుగర్ వచ్చినవాణ్ణి ఎవరూ తప్పుపట్టరు. పిరికివాడు అనరు. ఏమీ చేయనక్కర్లేదు, ఏ అబద్ధమూ చెప్పనక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు, ఇందాక ఆడించిన తలే తన తరఫున మాట్లాడుతుంది. తలుపు ఇట్లా తెరుచుకుంటుందని రాత్రంతా ఎదురుచూస్తూ పడుకున్నాడా తను? లేదు. రాత్రి ఏమీ అనుకోలేదు. రాత్రి రెడ్ల ఇంటి పరుపు గురించే ఆలోచించాడు, పెళ్లికి అడిగిన బూరుగు దూది పరుపు, ఇంకా కుట్టు మిగిలిన పరుపు. అబద్ధం. పరుపు గురించి కాదు. పరుపు విప్పడం గురించి.

ఎన్ని పరుపులు విప్పాడో. దబ్బనంతో కుట్టిన అంచు పట్టి బర్రున లాగితే పాత దూది బయటికి పొంగుతుంది, మనిషి పడుకున్న చోట అది అట్టకట్టి ఉంటుంది. పరుపు విప్పితే మనిషి తెలిసిపోతాడు, ఏ వైపు తిరిగి పడుకుంటాడు, ఎక్కడ చెమట పడుతుంది, పక్కన ఇంకో మనిషి ఉందా, ఉండి ఎంత దూరం జరిగింది. అక్క పరుపు తీసుకొచ్చి విప్పినప్పుడు కుడివైపంతా పల్లం, ఎడమవైపు కొత్త దూదిలాగా ఉంది. ఎడమచేతికి ఆపరేషను చేసి నరాలు కలిపారు గదా యంత్రం కోసం, ఆ చెయ్యి కింద పడకూడదని ఇన్నాళ్లుగా ఒకే పక్కన పడుకుంది. ఒక్కనాడూ చెప్పలేదు. ఆ చేతిమీద వేలు పెట్టి చూడరా అని ఒకసారి నవ్వుతూ చాపితే, చర్మం కింద జుయ్యిమని మోత. నాయన దూదేకే విల్లు నారి ఇట్లాగే మోగేది, కొట్టి వదిలేసిన తర్వాత కూడా వేలికి తగిలేది. మిషన్లు వచ్చాక ఆ విల్లు అటక మీదికి పోయింది, నాయన మట్టిలోకి పోయాడు, ఆ మోత మాత్రం అక్క చేతిలోకి వచ్చి చేరింది. దూది దుమ్ములో నాయన దగ్గుతూ దగ్గుతూ మంచాన పడినప్పుడు అక్కే గదా బడి మానేసి దిండ్లకు గలీబులు కుట్టింది, నేను కుడతాలే వాణ్ణి బడికి పొమ్మని. అయినా తను బడికి పోలేదు పెద్దగా. ఆమె మానినదీ వృథా, తను పోయినదీ వృథా.

దాహం. ఇప్పుడు గొంతులో ఎవరో ఎండు దూది కూరినట్టు ఉంది. పోయి తాగొచ్చు, తాగమనే చెప్తారంట, కానీ లేవలేదు, లేస్తే ఏదో ఒకటి తేలిపోతుందన్నట్టు అట్లాగే కూర్చున్నాడు. అక్కకు రోజుకు ఇన్ని నీళ్లని కొలిచి పెడతారు. చిన్న సీసాలో, మందు పోసినట్టు. అంతకు మించితే కాళ్లు ఉబ్బుతాయి, ఊపిరి అందదు. ఎండాకాలంలో అక్క ఇంటికి పోయినప్పుడు చూశాడు, తను ఏకి ఇచ్చిన మెత్తటి దూదిని ఉండచేసి, నీళ్లలో ముంచి, పిండి, పెదాల మీద అద్దుకుంటూ ఉంది. తలుపు దగ్గర తను నిలబడింది చూసి, ఆ ఉండను పమిట కింద దాచింది, దొంగతనం చేసినట్టు. నీ దూది మంచిదిరా, ఒక పోగు కూడా నోట్లోకి రాదు, అంది. ఇంకొంచెం తెస్తాలే అక్కా అన్నాడు. తమ ఇద్దరి మధ్యా పెద్ద మాటలన్నీ ఇట్లాగే చిన్నవయిపోతాయి. ఈ ఏడు రొట్టెల పండగకు బారాషహీద్ దర్గాకు తీసుకుపోతే, చెరువులో మోకాళ్ల లోతున దిగి, ముసుగు సర్దుకుని, మొక్కు తీరినవాళ్లు పంచే ఆరోగ్య రొట్టె ఎవరు ఇస్తారా అని జనంలో వెతికింది. ఎక్కడో తిరుపతి దగ్గర నుంచి వచ్చిన హిందువుల ఆవిడ, జబ్బు నయమైంది తల్లీ, నీకూ అవుతుంది అని చేతిలో పెట్టింది. నీళ్లలో నిలబడే తింది అక్క. నీళ్లు చుట్టూ అంత ఉన్నాయి. తింటూ తన వైపు చూసింది. అడిగినట్టు కాదు, ఊరికే చూసింది. అప్పటికి మునీర్ పరీక్ష కాలేదు, తన వంతు రాలేదు, అయినా తను కళ్లు దించుకున్నాడు.

నజ్మాకు తెలుసా. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో, వచ్చి కూర్చుంది. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు నజ్మాకు ఆస్పత్రిలో షుగర్ పరీక్ష చేశారు, పరగడుపున రమ్మన్నారు, తనే తీసుకుపోయాడు బస్సులో. అప్పుడు రాత్రి నుంచి తినకుండా వచ్చిందా? తెల్లవారుజామున తిని వచ్చిందా? గుర్తు రావడం లేదు. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చున్నది గుర్తుంది, వాంతి చేసుకున్నది గుర్తుంది, కడుపులో ఏమన్నా ఉంటే గదా వాంతి, వట్టి పసరేనా. నూర్జాన్ వదినంటే నజ్మాకు ప్రాణం, ఇయ్యొద్దని ఒక్కసారి కూడా అనలేదు. ఇయ్యమనీ అనలేదు. సహరీకి పిలవమని తను చెప్పాడా, ఆమే లేచిందా? అంత చక్కెర తెలిసి పోసిందా, నిద్రకళ్లతో పోసిందా? తాగు, పొద్దంతా ఉండాల గదా. ఆ మాటలో ఏముంది, ఏ ఇల్లాలైనా అంటుంది. ఇంటికి పోయి అడిగితే ఏం చెబుతుంది, నిజం చెప్పినా అబద్ధం చెప్పినా ఆ తర్వాత ఒకే పరుపు మీద ఎట్లా పడుకోవాలి. అడగడు. అడగకుండా ఉండటం తనకు బాగా వచ్చు.

తెలిసి పోసి ఉంటే తన భయం తనకంటే ముందు ఆమెకు తెలిసినట్టు. ఎక్కడ కనపడిందో. పరుపులో కొంత దూది తీసి వేరే దిండుకు పెట్టమని అడుగుతారు జనం అప్పుడప్పుడు. తీసి, మిగిలింది సర్ది, అంచు కుట్టి, పైన చరిచి చదును చేసి ఇస్తాడు. ఎంత బాగా కుట్టినా తీసిన చోట నాలుగు నాళ్లకు పల్లం పడుతుంది. జనానికి తెలియదు, వాళ్లకు నడుం నొప్పి వస్తుంది, తనకు తెలుసు. డాక్టరు చెప్పాడు, ఒక్కటి ఉన్నా మామూలుగానే బతుకుతారు అని. డాక్టరు దూది బేళ్లు మోయడు గదా. ఒక పక్క పల్లం పడిన మనిషి బేలు భుజాన ఎత్తుకుని లేచే దృశ్యం కళ్లముందు ఆడింది, ఆ మనిషికి తన మొహమే ఉంది. వెంటనే, అక్క కుడిపక్కన పడిన పల్లం. రెండు పల్లాలు, ఒకదాని పక్కన ఒకటి, ఏ దూదితో నింపాలి, ఎక్కడి నుంచి తీయాలి. తీయకపోతే ఎవరూ అడగరు. నెత్తురే చెప్పింది, నేనేం చేసేది అక్కా, అంటాడు. నెత్తురు అబద్ధం చెబుతుందని ఎవరనుకుంటారు. ఇడ్లీలే భాయ్ తేలింది.

"నాగుల్ మీరా! ఎవరండీ నాగుల్ మీరా?"

లేచాడు. లోపల చల్లగా ఉంది, స్పిరిటు వాసన. కూర్చోమని రెజీనా చేతికి రబ్బరు పట్టీ బిగించింది. పిడికిలి ముడవండి అంది. ముడిచాడు. నరం లేవలేదు. వేలితో రెండుసార్లు తట్టింది.

"ఏందన్నా, నరాలన్నీ దాక్కున్నాయే. నీళ్లు తాగలేదా?"

"తాగలా."

"నీళ్లు తాగొచ్చండీ, చెప్పలేదా ఎవరూ?" అంటూ ఇంకో చోట తట్టింది. అక్కడ సన్నగా, నీలంగా, ఇష్టం లేకుండా వచ్చినట్టు నరం లేచింది. దూదిముక్కకు స్పిరిటు అద్ది తుడిచింది. ఆ దూది మంచిది కాదు, కలగలుపు సరుకు, పోగు పోగుగా ఊడుతూ ఉంది. మూత తీసిన సూది మెరిసింది. తన దబ్బనం ముందు ఇదెంత. ఊరుకో. ఊరికే ఉండు. ఒక్క గుక్క ఊపిరి సేపు.

"పాపా," అన్నాడు. "నేను తిన్నాను."

సూది ఆగింది. "ఎప్పుడు?"

"సహరీకి. తెల్లారుజామున. అన్నం తిన్నా. టీ తాగినా."

"ఇప్పుడు రంజాను కాదు గదన్నా?"

"ఫాస్టింగ్ అన్నారని... రోజా అనుకున్నా."

ఆ పిల్లకు నవ్వొచ్చింది, ఆపుకుంది, పట్టీ విప్పింది. "ఇందాక అడిగితే తల ఊపినారే! ఇప్పుడు తీస్తే రెండూ తప్పే వచ్చేవి. తిన్నందుకు షుగరు పెరిగేది, నీళ్లు తాగనందుకు క్రియాటినిన్ కూడా పెరిగి చూపించినా చూపించేది. కిడ్నీ ఇచ్చేవాళ్లకు ఆ రెండే గదా ముఖ్యం. రేపు రండి. రాత్రి పెందలాడే తినేసి, ఇంకేమీ ముట్టొద్దు. టీ కూడా. నీళ్లు మాత్రం బాగా తాగి రండి. రేపు రండన్నా, సరేనా?"

సరే అన్నాడు. రేపు అనే మాట చెవిలో పడ్డాక గాని, ఈ పొద్దుతో అయిపోతుందని ఎంత నమ్ముకున్నాడో తెలియలేదు. మళ్లీ ఈ రాత్రి. మళ్లీ నజ్మా పక్కన, కళ్లు తెరుచుకుని. మళ్లీ ఆ మొదటి బస్సు. చెప్పేస్తే గుండె తేలికవుతుందంటారు, ఏమీ కాలేదు, ముంజేతిలో పట్టీ బిగిసిన చోట మాత్రం తిమ్మిరి వదులుతూ ఉంది. మెట్లు దిగి, సందు మొగదల అంగట్లో నీళ్ల సీసా కొన్నాడు. మూత తిప్పుతూ ఉండగా జేబులో ఫోను మోగింది. అక్క.

"ఏరా, ఇచ్చినావా నెత్తురు?"

"లేదక్కా. రేపు రమ్మన్నారు."

వీధి గోల మధ్య ఆమె ఊపిరి పైకీ కిందికీ వినపడింది.

"అది కాదక్కా, నేను తిని వచ్చినా, తెలియక, వాళ్లు ఫాస్టింగ్ అంటే..." మాట మాటకూ నాలుక తడబడింది. వింటూ ఉంటే తనకే కట్టుకథలాగా తోచింది.

"గొంతంతా ఎండిపోయిందిరా నీకు," అంది నూర్జాన్, మెల్లగా, కోపం లేకుండా. "భయమైతే వద్దులే నాయనా. గ్రూపు కలవలేదంట అని నేనే చెప్తాలే అందరికీ. నజ్మాకు కూడా అట్నే చెప్తా. నువ్వేం మనసులో పెట్టుకోమాక."

కాదక్కా అనాలి. నిజంగా రోజా అనుకునే తిన్నాను, నిజంగా రేపు వస్తాను, అనాలి. అన్నీ నిజాలే. కానీ ఆ కుర్చీలో కూర్చున్న గంట కూడా నిజమే, ఆ గంటను ఇంత దూరం నుంచి ఆమె ఎట్లా చూసిందో, ఏ పల్లం తడిమి కనిపెట్టిందో. సగం తిప్పిన సీసా మూత తీశాడు.

"ఉండావా రా?"

"ఉండా."

"ముందు నీళ్లు తాగు," అంది అక్క. "తాగు, నేను లైన్లోనే ఉంటా."

మూత తీసిన సీసా చేతిలో ఉంది. కొలిచిన నీళ్లే తాగే ఆమె అవతల వింటూ ఉంది. గుటక పడితే వినపడుతుంది.